బెలూనా, రాకెట్టా, ఉపగ్రహమా: మీ జట్టు పరికరం దేని మీద ఎగరాలి?

ఏటా తరగతులు మొదలైన రెండో వారంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం పిల్లలు నలుగురైదుగురు నా బల్ల ముందుకు వచ్చి నిలబడతారు. "ఉపగ్రహం చేద్దామనుకుంటున్నాం సార్" అంటారు. పేరు పెట్టేసి ఉంటారు, లోగో గీసేసి ఉంటారు, టీషర్టుల రంగు మీద కూడా ఒక మాట అనుకుని ఉంటారు. దేన్ని కొలవడానికని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

తప్పు వాళ్లది కాదు. కళాశాల ప్రవేశద్వారం దగ్గర కట్టే బ్యానరుకు ఉపగ్రహం ఫొటో పనికొచ్చినట్టు థర్మోకోల్ పెట్టె ఫొటో పనికిరాదు. కానీ ఒక శాస్త్ర పరికరాన్ని తయారుచేసి, పైకి పంపి, అది తెచ్చిన అంకెలను చదివి, అందులో తప్పెంత నిజమెంత అని తేల్చుకోవడమే మీ కోరిక అయితే, ఉపగ్రహం కన్నా ముందు చూడాల్సిన దారులు అయిదారు ఉన్నాయి. వాటిలో దేన్ని పట్టుకోవాలో తేల్చడానికి నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. మీరు కొలవదలచుకున్నది ఏ ఎత్తులో ఉంది? ఆ కొలత చేతికొచ్చే నాటికి మీరు ఇంకా కళాశాలలోనే ఉంటారా?

ముందు రెండో ప్రశ్న సంగతి. ఐఐటీ బొంబాయి విద్యార్థుల 'ప్రథమ్' ఉపగ్రహాన్ని తీసుకోండి. బరువు దాదాపు 10 కిలోలు. అయనోవరణంలో, అంటే సూర్యకాంతికి గాలి విద్యుదావేశం పొందే పై పొరలో, ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టడం దాని పని. పని మొదలైంది 2007లో. పీఎస్‌ఎల్‌వీ-సీ35 మీద అది శ్రీహరికోట నుంచి ఎగిరింది 2016 సెప్టెంబరు 26న. పుణె ఇంజినీరింగ్ కళాశాల వారి 'స్వయం' కూడా కొన్ని బ్యాచ్‌ల చేతులు మారాకే అదే ఏడాది జూన్ 22న కక్ష్య చేరింది. రెండూ గొప్ప పనులే, ముందు దారి లేని చోట దారి వేసిన పనులు. అయితే మొదటి బోర్డు మీద సోల్డరింగ్ చేసిన కుర్రవాడు ప్రయోగం నాటికి ఎక్కడో ఉద్యోగంలో స్థిరపడి ఉంటాడు, పెళ్లి కూడా అయి ఉండవచ్చు. బీటెక్ నాలుగేళ్లే. మొదటి ఏడాది అలవాటు పడటానికి, చివరి ఆరు నెలలు ఉద్యోగాల వేటకు పోతే, మిగిలేది రెండేళ్లు, రెండున్నరేళ్లు. ఈ గడియారాన్ని పక్కన పెట్టి ఏ ప్రణాళిక గీసినా అది పక్క బ్యాచ్‌కు అప్పజెప్పే బాకీ అవుతుంది.

ఇక ఎత్తు. కిలోమీటరు వరకు చిన్న రాకెట్టుతో క్యాన్‌శాట్, 30 కిలోమీటర్ల వరకు రబ్బరు బెలూన్, 40 వరకు పెద్ద ప్లాస్టిక్ బెలూన్, 75 నుంచి 160 వరకు, పైకి లేచి కొన్ని నిమిషాల్లోనే దిగిపోయే సౌండింగ్ రాకెట్, 350 దాటితే కక్ష్య. ఈ మెట్లలో ఎక్కువ ఎత్తున్నది మంచిది, తక్కువ ఎత్తున్నది నాసిరకం అనుకుంటే అక్కడే దెబ్బతింటాం. ఓజోన్ ఎక్కువగా ఉండేది 25 కిలోమీటర్ల చుట్టుపక్కల. దాని లోపల నిలబడి కొలవాలంటే ఉపగ్రహం పనికిరాదు, బెలూనే కావాలి.

క్యాన్‌శాట్

కూల్‌డ్రింక్ డబ్బా అంత ఉపగ్రహ నమూనా. 1998లో అమెరికా ఆచార్యుడు బాబ్ ట్విగ్స్ ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. ఆ మరుసటి ఏడాదే క్యూబ్‌శాట్ అనే చిన్న ఘనాకార ఉపగ్రహం రూపురేఖలు గీసిన ఇద్దరిలో ఆయనా ఒకరు. రాకెట్టు కిలోమీటరు ఎత్తుకు తీసుకెళ్లి వదిలితే, డబ్బా పారాచూట్‌తో దిగుతూ ఉష్ణోగ్రత, పీడనం, తన స్థానం పంపుతుంది. మన దేశంలోనూ ఇన్‌స్పేస్ (ఇస్రో బయటివారి అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ), ఇస్రో, భారత ఆస్ట్రోనాటికల్ సొసైటీ కలిసి విద్యార్థులకు పోటీ పెడుతున్నాయి.

ఇందులో శాస్త్రం తక్కువ, శిక్షణ ఎక్కువ. కిలోమీటరు లోపు గాలి గురించి వాతావరణ శాఖకు తెలియనిది మీ డబ్బా చెప్పబోయేది లేదు. కానీ గడువు లోపల పని ముగించడం, బరువు గ్రాముల్లో లెక్కపెట్టడం, రేడియోలో అంకెలు పోకుండా చూసుకోవడం ఒక్క ఏడాదిలో వంటబడతాయి. రెండో సంవత్సరం పిల్లలకైతే కళ్లు మూసుకుని ఇదే చెబుతాను.

రబ్బరు బెలూన్

నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నాను. మొదటిసారి ఎగరేయబోయే జట్టుకు ఇంతకన్నా మంచి దారి లేదనే నేను అనుకుంటాను. కారణం ఒక్కటే. పెట్టె తిరిగి వస్తుంది. ఏది విరిగిందో, ఏది కాలిందో, ఏ తీగ ఊడిందో చేత్తో పట్టుకుని చూడవచ్చు. కక్ష్యలో మూగబోయిన ఉపగ్రహం ఎందుకు మూగబోయిందో ఊహించుకోవడమే తప్ప తెలుసుకునే మార్గం లేదు.

ఇది కొత్త విద్యేమీ కాదు. హైదరాబాద్, విశాఖపట్నం వంటి చోట్ల వాతావరణ శాఖ రోజూ ఇలాంటి బెలూన్లనే వదులుతుంది. వాటి కింద వేలాడే రేడియోసాండ్ ఉష్ణోగ్రత, తేమ, పీడనం, గాలి వేగం చెబుతుంది. నేల మీద రెండు మీటర్ల వెడల్పున్న బెలూన్ సెకనుకు అయిదు మీటర్ల చొప్పున ఎక్కుతూ, బయటి పీడనం తగ్గేకొద్దీ ఉబ్బుతూ పోతుంది. దాదాపు గంటా నలభై నిమిషాలకు 30 కిలోమీటర్లు చేరేసరికి ఎనిమిది మీటర్లు దాటి పగులుతుంది. అక్కడ పీడనం నేల మీదున్న దానిలో ఒక శాతం మాత్రమే.

మరి కొలవడానికి ఏముంది? కాస్మిక్ కిరణాలు ఉన్నాయి. అంతరిక్షం నుంచి వచ్చే కణాలు గాలి అణువులను ఢీకొని కొత్త కణాల జల్లు కురిపిస్తాయి. పైనుంచి దిగేకొద్దీ ఆ జల్లు పెరిగి, ఒక ఎత్తు దగ్గర గరిష్ఠానికి చేరి, అక్కడినుంచి కిందికి గాలి మింగేయడం వల్ల తగ్గుతుంది. ఆ గరిష్ఠం 15 నుంచి 20 కిలోమీటర్ల మధ్య వస్తుంది. కణాలను లెక్కపెట్టే చిన్న గైగర్ గొట్టం, గడియారం, పీడన సెన్సర్ ఉంటే చాలు, ఆ వంపు రేఖను మీరే గీయవచ్చు. పైగా మన ప్రాంతం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర. తక్కువ శక్తి గల కణాలను భూమి అయస్కాంత క్షేత్రమే పక్కకు నెట్టేస్తుంది కాబట్టి, స్వీడన్‌లో ఎగిరిన అదే పరికరం గీసే రేఖకూ మీ రేఖకూ తేడా ఉంటుంది. ఆ తేడాను వివరించడం మంచి బీటెక్ ప్రాజెక్టు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాన్ని ముందే చెప్పేవారు తక్కువ. మన అక్షాంశాల్లో గాలి అన్నింటికన్నా చల్లగా ఉండేది 16, 17 కిలోమీటర్ల దగ్గర, సుమారు మైనస్ 80 డిగ్రీలు. అంటే కణాల జల్లు గరిష్ఠంగా ఉండే చోటుకు కాస్త అటూఇటూగా చలి కూడా గరిష్ఠంగానే ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోతే సరిగ్గా మీకు కావాల్సిన అంకెల దగ్గరే చస్తుంది. అందుకే రీఛార్జి చేయని లిథియం సెల్స్ వాడాలి. వాటిని పెట్టె మధ్యలో, వేడి పుట్టించే బోర్డు పక్కన పెట్టాలి. ఇంకా పైకి వెళ్తే చిక్కు తిరగబడుతుంది. గాలి పలచబడి వేడిని మోసుకుపోయే దిక్కుండదు, ఎండ మాత్రం నేరుగా తగులుతుంది. మైనస్ 40 డిగ్రీల గాలిలో వేలాడుతూ రేడియో చిప్ వేడెక్కి ఆగిపోయిన పెట్టెను నేను చూశాను.

పరీక్షకు ప్రయోగశాలే కావాలని లేదు. మొదటి రాత్రి ఐస్‌క్రీమ్ దుకాణం వారిని బతిమాలి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. రెండో రాత్రి పెద్ద థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ పోసి, అందులో మీ పెట్టెను పెట్టి, గాలి బాగా ఆడే వరండాలో నాలుగు గంటలు నడపండి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలు. ఆకాశం పెట్టే పరీక్షకు అంత దగ్గరగా, అంత చవకగా ఇంకేదీ రాదు.

ఇక జీపీఎస్. ఒక జట్టు పెట్టె దొరికింది, కార్డు చదివాం. ఎత్తు 11,940, 11,965, 11,990 అని ఎక్కుతూ వచ్చి, ఆపైన గంటకు పైగా ఖాళీ. మళ్లీ 11,900 దగ్గర ప్రాణం వచ్చి, చివరిదాకా చక్కగా దిగింది. పిల్లలు చలిని తిట్టారు. చలిది కాదు తప్పు. ఆ చవక మాడ్యూలు మామూలు మోడ్‌లో 12 కిలోమీటర్లు దాటితే స్థానం చెప్పడం మానేస్తుంది. గాలిలో ఎగిరే వాహనాల మోడ్‌కు మారిస్తే 50 కిలోమీటర్ల వరకు చెబుతుంది. వారం ముందే మార్చారు కూడా. కానీ ఆ ఉదయం మైదానంలో కొత్త బ్యాటరీ వేయడానికి కరెంటు తీశారు, సెట్టింగ్ చెరిగిపోయింది. పెట్టె మేల్కొన్న ప్రతిసారీ ప్రోగ్రామే ఆ ఆజ్ఞను మళ్లీ పంపి, మాడ్యూలు అందుకుందో లేదో సరిచూసుకోవాలి. నాలుగు వాక్యాల కోడ్ అది. గైగర్ అంకెలు పూర్తిగా ఉన్నాయి, పీడన సెన్సర్ ఉంది కాబట్టి ఎత్తును దానినుంచి లెక్కగట్టాం. ఒకే కొలతను రెండు దారుల్లో తీసుకోవడం ఎందుకో ఆ జట్టుకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

గాలుల సంగతి చూసుకోకుండా తేదీ ఖాయం చేయకండి. జనవరిలో పై గాలులు పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తాయి. హైదరాబాద్ పరిసరాల్లో వదిలిన పెట్టె నల్గొండ, సూర్యాపేట వైపు కొట్టుకుపోతుంది. అదే జులైలో 15 కిలోమీటర్ల దగ్గర తూర్పు గాలుల ప్రవాహం ఉంటుంది, పెట్టె కర్ణాటక దారి పడుతుంది. ఇక కోస్తా కళాశాలల వారు శీతాకాలంలో తమ మైదానం నుంచే వదలాలని ముచ్చటపడితే, పెట్టె బంగాళాఖాతానికి అర్పణం. వానాకాలంలో గాలి లోపలికే వీస్తుంది కానీ మేఘాలు, తేమ ఊరుకోవు. విశాఖ, కాకినాడ జట్లు సామాను వ్యానులో వేసుకుని ఒక రాత్రి ప్రయాణం చేసి లోపలి జిల్లాల నుంచి వదలడమే మేలు.

అనుమతులు తప్పనిసరి. విమానయాన అధికారులు, దగ్గరి విమానాశ్రయ నియంత్రణ కేంద్రం, స్థానిక పోలీసులు, ముగ్గురికీ రాతపూర్వకంగా తెలియాలి. దీనికి కనీసం రెండు మూడు నెలలు పక్కన పెట్టండి. రేడియోకు 865–867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కరలేని లోరా (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) మాడ్యూళ్లు సరిపోతాయి. ఇంకా దూరం కావాలంటే జట్టులో ఒకరిద్దరు అమెచ్యూర్ రేడియో పరీక్ష రాయడం మంచిది. హైదరాబాద్‌లోనే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. హీలియం మనకు దాదాపు అంతా దిగుమతే, అందుకే బిల్లులో ఎక్కువ కళ్లలో పడేది అదే. హైడ్రోజన్ చవక, కానీ అనుభవం లేని విద్యార్థుల చేతికి అది ఇవ్వను. మొత్తం మీద ఒక ప్రయోగం ఒకటి రెండు లక్షల్లో తేలుతుందని నా అంచనా. కాస్త జాగ్రత్తగా కట్టిన పెట్టె రెండోసారికీ పనికొస్తుంది.

పెద్ద బెలూన్

టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) వారి జాతీయ బెలూన్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉందని నగరంలో చాలామందికి తెలియదు. పలచని పాలిథీన్‌తో బెలూన్లు తయారుచేసి, వందల కిలోల పరికరాలను 30, 40 కిలోమీటర్లకు పంపే చోటు అది. 2005 ఏప్రిల్‌లో అక్కడినుంచి ఎగిరిన బెలూన్ పైగాలి నమూనాలు పట్టి తెచ్చింది. వాటిలో అంతకుముందు తెలియని బ్యాక్టీరియా జాతులు మూడు దొరికాయి. ఒకదానికి ఇస్రో పేరు మీద, ఇంకొకదానికి ఆర్యభట్ట పేరు మీద పేర్లు పెట్టారు.

విద్యార్థులకు ఇది సొంత ప్రయోగంగా కాక, పెద్దవాళ్ల ప్రయోగంలో ఒక మూల దొరికే చోటుగా పనికొస్తుంది. బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ వారు హోసకోటె ఆవరణ నుంచీ, హైదరాబాద్ నుంచీ తేలికపాటి పరికరాలు ఎగరేశారు. అలాంటి బృందంతో పరిచయం పెంచుకుంటే బెలూన్ చిక్కులు వారు చూసుకుంటారు, మీరు పరికరం చూసుకుంటారు. గంటల తరబడి పైన నిలబడటం దీని అసలు లాభం. రబ్బరు బెలూన్ గరిష్ఠ ఎత్తును ముద్దాడి పగిలిపోతుంది, ఇది అక్కడే తేలుతుంది.

అమెరికాలో చదువుతున్న మన పిల్లలకు ఈ తరహాలో చక్కని ఏర్పాటు ఉంది. నాసా, లూసియానా స్టేట్ యూనివర్సిటీ కలిసి 2006లో మొదలుపెట్టిన హాస్ప్ అనే బెలూన్ వేదిక మీద ఒకేసారి పన్నెండు వరకు విద్యార్థి పరికరాలు దాదాపు 36 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లాయి. కరెంటు, సమాచార మార్గం వేదికే ఇస్తుంది. జర్మనీలో చదివేవారికి స్వీడన్‌లోని కిరునా దగ్గర ఎస్‌రేంజ్ ప్రయోగ కేంద్రం నుంచి ఎగిరే బెక్సస్ అనే విద్యార్థి బెలూన్ ఉంది.

సౌండింగ్ రాకెట్

బెలూన్‌కు అందనంత ఎత్తు, ఉపగ్రహం నిలవలేనంత తక్కువ ఎత్తు ఒకటుంది. సుమారు 50 నుంచి 120 కిలోమీటర్ల వరకు ఉన్న ఆ పొరను లోపలికి దూరి కొలవాలంటే రాకెట్టే గతి. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి మన దేశంలో మొదటి రాకెట్టు లేచింది కూడా ఆ పనికే. అయస్కాంత భూమధ్యరేఖ అక్కడే పోతుంది, దాని మీద వంద కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున పారే విద్యుత్ ప్రవాహాన్ని చదవాలనే ఆ చోటు ఎంచుకున్నారు. 200 మిల్లీమీటర్ల వ్యాసం గల రోహిణి ఆర్‌హెచ్-200 ఇప్పటికీ ఎగురుతోంది. 2022 నవంబరులో దాని వరుస విజయాలు 200కు చేరాయి.

విద్యార్థులకని క్రమం తప్పకుండా పిలుపులు వచ్చే రాకెట్లు మాత్రం విదేశాల్లోనివే. నాసా వాలప్స్ కేంద్రం నుంచి రాకాన్, రాక్‌శాట్ ప్రయోగాలు జరుగుతాయి. రాకాన్‌లో అనుభవం లేనివారికి పరికరాన్ని కట్టడం నేర్పి ఎగరేస్తారు. రాక్‌శాట్-ఎక్స్‌లో మీ పరికరం తొడుగు వదిలి నేరుగా శూన్యంలోకి తెరుచుకుంటుంది. యూరప్‌లో రెక్సస్ అనే విద్యార్థి రాకెట్టు ఉంది.

అక్కడ చదివే మన పిల్లలు అడిగితే నేను చెప్పేది ఇదే. మీ కొలత మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయేదైతేనే రాకెట్టు ఎంచుకోండి. ఏళ్ల తరబడి చేసిన పనికి ఆకాశం ఇచ్చే సమయం అంతే. పైకి లేచేటప్పుడు భూమ్యాకర్షణకు 20 రెట్ల దాకా భారం పడుతుంది. బ్రెడ్‌బోర్డు, వదులు తీగలు, జిగురుతో అంటించని బరువైన కెపాసిటర్ దాని ముందు నిలవవు. సోల్డర్ చక్కగా ఉన్నా, పొడుగాటి కాళ్ల మీద నిలబడ్డ భాగం ఊగి ఊగి తెగుతుంది. ఈ దారికి ఒక గుణం ఉంది. ప్రయోగ తేదీ ముందే రాసి ఉంటుంది, ఆ తేదీకి సిద్ధం కాని పరికరం నేల మీదే ఉండిపోతుంది. గడువును ఇంత కఠినంగా నేర్పే గురువు ఇంకొకరు లేరు.

పోయెమ్: వాడేసిన మెట్టు మీద అద్దె గది

భారతదేశంలో బీటెక్ జట్టు కక్ష్య దాకా వెళ్లాలనుకుంటే నేడు అన్నింటికన్నా తెలివైన దారి ఇదే. పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఉపగ్రహాన్ని వదిలేశాక ఒకప్పుడు చెత్తగా తిరిగేది. దానికి సౌర ఫలకలు, బ్యాటరీ, దిశను నిలబెట్టే ఏర్పాటు, సమాచారం పంపే మార్గం అమర్చి ప్రయోగశాలగా మార్చారు, దాని పేరే పోయెమ్. మొదటిది 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53తో వెళ్లింది. 2024 డిసెంబరు 30న స్పేడెక్స్ (రెండు ఉపగ్రహాలను కక్ష్యలో కలిపే ప్రయోగం)తో వెళ్లిన నాలుగో పోయెమ్ మీద 24 పరికరాలు ఉన్నాయి. వాటిలో 10 ఇస్రో బయటివి, అంటే విద్యాసంస్థలవి, అంకుర సంస్థలవి. తిరువనంతపురంలోని ఎల్‌బీఎస్ మహిళా ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థినులు చేసిన వీశాట్ మూడో పోయెమ్ మీద, 2024 జనవరి 1న వెళ్లింది. అతినీలలోహిత కిరణాలను కొలవడం దాని పని.

ఇందులో మీకు తగ్గే పని ఎంతో చూడండి. ఉపగ్రహమంటే సౌర ఫలకలు, బ్యాటరీ, దాన్ని నడిపే బోర్డు, కంప్యూటర్, రేడియో, విచ్చుకునే యాంటెనా, దిశ తిప్పే ఏర్పాటు, కింద గ్రౌండ్ స్టేషన్. ఇవన్నీ ముగిశాక మిగిలిన గుప్పెడు చోటులో పరికరం. గోరంత పరికరానికి కొండంత వాహనం. ఏళ్లు తినేది ఆ కొండే. పోయెమ్ మీద కొండ ఇస్రోది, గోరు మీది. మీరు ఇచ్చిన పెట్టెకు వాళ్లు ఒక కనెక్టర్ ఇస్తారు. దాని ఏ పిన్నులో ఎన్ని వోల్టులు, ఏ పిన్నులో ఏ సమాచారం అన్నది ఒక పత్రంలో ఉంటుంది. ఆ పత్రాన్ని మీ ప్రాజెక్టుకు రాజ్యాంగంగా పెట్టుకోండి.

లోటుపాట్లూ ఉన్నాయి. కక్ష్య మీ ఇష్టం కాదు, ప్రధాన ఉపగ్రహం అవసరాన్ని బట్టి ఉంటుంది. ఆయువు పరిమితం. మూడో పోయెమ్‌ను 350 కిలోమీటర్ల కక్ష్యకు దించి నడిపారు, అది 2024 మార్చి 21న వాతావరణంలోకి వచ్చి కాలిపోయింది. అంటే మూడు నెలలు కూడా కాదు. ఏడాది పాటు రుతువుల మార్పు చూడాలనుకునే ప్రయోగానికి ఇది చాలదు. సెన్సర్ శూన్యంలో ఎలా నడుస్తుందో చూడటానికి, రేడియేషన్ లెక్కించడానికి, ఒక చిప్ ఎన్నిసార్లు తడబడుతుందో తెలుసుకోవడానికి మాత్రం బోలెడు. కంపన పరీక్ష, శూన్యంలో వేడి చలి పరీక్ష తప్పించుకోలేరు, ఖర్చు కొన్ని లక్షలకు చేరుతుంది. దరఖాస్తు ఇన్‌స్పేస్ ద్వారా.

నేను చూసిన జట్లలో ఇక్కడ తడబడేవి దాదాపు ఎప్పుడూ బెలూన్ దశ దాటకుండా వచ్చినవే. పరికరం ఒకసారైనా 30 కిలోమీటర్లకు వెళ్లి తిరిగి వచ్చి ఉంటే, సమీక్షకు కూర్చున్న ఇంజినీర్లు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు మీ చేతిలోని అంకెల్లోనే ఉంటుంది.

సొంత ఉపగ్రహం

చివరికి వచ్చాం. క్యూబ్‌శాట్ అంటే వైపుకు 10 సెంటీమీటర్ల ఘనం, లేదా అలాంటివి రెండు మూడు పేర్చిన ఇటుక. 2010 జులై 12న ఎగిరిన స్టడ్‌శాట్-1 కిలో కన్నా తక్కువ బరువున్న విద్యార్థి ఉపగ్రహం. కర్ణాటకకూ, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని హైదరాబాద్‌కూ చెందిన ఏడు ఇంజినీరింగ్ కళాశాలల పిల్లలు కలిసి చేశారు. పెద్ద సంస్థ అండ లేని కళాశాలలు ఈ పని ఎలా చేయవచ్చో దాన్నుంచే నేర్చుకోవాలి. ఒక కళాశాల ఒంటరిగా మోయలేని భారాన్ని ఏడు పంచుకున్నాయి.

శాస్త్రపరంగా నాకు బాగా నచ్చేది అమెరికాలోని కొలరాడో విద్యార్థులది. 2012 సెప్టెంబరులో వెళ్లిన వారి మూడు ఘనాల ఉపగ్రహంలో ఒకే ఒక పరికరం ఉంది. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీల్లోని ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లను లెక్కపెట్టడం దాని పని. కొన్ని నెలలు పనిచేస్తే చాలనుకున్నది రెండేళ్లకు పైగా చేసింది. లోపలి పట్టీ అంచున ఉండే ఎలక్ట్రాన్లు ఎక్కడినుంచి వస్తున్నాయన్న దశాబ్దాల నాటి ప్రశ్నకు ఆ అంకెలే జవాబిచ్చాయి. కాస్మిక్ కిరణాలు వాతావరణాన్ని ఢీకొని పుట్టించిన న్యూట్రాన్లు విచ్ఛిన్నమై అవి ఏర్పడుతున్నాయి. 2017లో ఆ ఫలితం 'నేచర్' పత్రికలో వచ్చింది. ఒకే ప్రశ్న, ఒకే పరికరం. ఉపగ్రహం చేస్తామని వచ్చే జట్లు కెమెరా ఒకటి, సెన్సర్ ఒకటి, ప్రసారానికి ఇంకొకటి అంటూ కలగూరగంప తెస్తే, నేను ఈ కథ చెప్పి వెనక్కి పంపుతాను.

మీ తప్పు లేకుండానే అంతా పోయే అవకాశాన్ని కూడా లెక్కలో వేసుకోండి. 75 పాఠశాలల నుంచి 750 మంది అమ్మాయిలు చేయి కలిపిన ఆజాదీశాట్ 2022 ఆగస్టు 7న, చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్టు మొదటి ప్రయోగంలో వెళ్లింది. రాకెట్టు దాన్ని 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యలో కాక, ఒక కొస 76 కిలోమీటర్లకు దిగే కక్ష్యలో వదిలింది. ఆ ఎత్తులో ఏదీ నిలవదు. ఆరు నెలలకు, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్-2 విజయవంతంగా వెళ్లింది. ఎన్నో ఏళ్లు నమ్మకానికి మారుపేరుగా ఉన్న పీఎస్‌ఎల్‌వీ కూడా 2025 మే 18న విఫలమైంది. రెండో ప్రతిని కట్టడానికి డబ్బు, మనుషులు లేని జట్టు మొదటి ప్రతిని రాకెట్టు ఎక్కించకూడదని నా పట్టుదల. దానితో ఖర్చు అరకోటి దాటినా ఆశ్చర్యపోకండి. పౌనఃపున్యాల సమన్వయం, లైసెన్సు, ఇన్‌స్పేస్ అనుమతి అంటూ కాగితాల పనికే జట్టులో ఒక మనిషి పూర్తిగా కావాలి.

ఇంకొక దారి ఉంది, దాన్ని ఎంచుకోలేం, అది మనల్ని ఎంచుకోవాలి. 2006 జనవరిలో ప్లూటో వైపు బయలుదేరిన నాసా నౌక న్యూ హొరైజన్స్ మీద కొలరాడో విద్యార్థులు కట్టిన ధూళి లెక్కపెట్టే పరికరం ఉంది. పదకొండేళ్ల వయసులో ప్లూటోకు ఆ పేరు సూచించిన వెనీషియా బర్నీ పేరు దానికి పెట్టారు. పలచని ప్లాస్టిక్ పొరకు ధూళి రేణువు తగిలితే చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది, అంతే దాని యంత్రాంగం. దాని అంకెలు చదువుతున్న నేటి విద్యార్థుల్లో కొందరు అది బయలుదేరే నాటికి బడికి కూడా వెళ్లి ఉండరు. ఇందాక నేను చెప్పిన గడియారం నియమాన్ని ఇది పూర్తిగా తలకిందులు చేస్తుంది. కానీ పరికరాన్ని తరం నుంచి తరానికి అందించే ప్రయోగశాల, జీతాలిచ్చే సంస్థ వెనక ఉన్నచోటే అది సాధ్యం.

ఎవరికి ఏది

రెండో సంవత్సరం, అయిదారుగురు, చేతిలో వేల రూపాయలు: క్యాన్‌శాట్. మూడో సంవత్సరం, గాలి గురించో కాస్మిక్ కిరణాల గురించో స్పష్టమైన ప్రశ్న, బతిమాలితే లక్షన్నర ఇచ్చే ప్రిన్సిపాల్: రబ్బరు బెలూన్, ఒకటి కాదు రెండు ప్రయోగాలు, ఆరు నెలల తేడాతో. మొదటిది పరికరానికి, రెండోది శాస్త్రానికి. ఆ రెండో ప్రయోగం అంకెలు పట్టుకుని, కింది బ్యాచ్ నుంచి ముగ్గురిని జట్టులో కలుపుకుని పోయెమ్‌కు దరఖాస్తు చేయండి. సొంత ఉపగ్రహం మాట, ఇవన్నీ దాటిన జట్టులో కనీసం ఇద్దరు పీజీ విద్యార్థులు, బదిలీ భయం లేని ఒక అధ్యాపకుడు ఉన్నప్పుడే ఎత్తండి.

బెలూనే అనుకుంటే, పెట్టె మీద అంటించే కాగితాన్ని చివరి రాత్రికి వదిలేయకండి. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడింటిలో పెద్ద అక్షరాలతో రాయండి. "ఇది విద్యార్థుల వాతావరణ పరికరం. ప్రమాదం లేదు. దయచేసి ఫోను చేయండి" అంటే చాలు. ఒక జట్టు మంచి ఉద్దేశంతోనే "ఇది బాంబు కాదు" అని రాసింది. పత్తి చేలో దాన్ని చూసిన రైతు చివరి మాట దాకా చదవలేదు, ఊరంతా దూరంగా నిలబడింది, మేం వెళ్లేసరికి పోలీసు జీపు ఉంది. ఫోను నంబర్లు రెండు ఇవ్వండి, రెండూ వేర్వేరు కంపెనీల సిమ్ములవి. ఎగరేసిన రోజు ఆ రెండు ఫోన్లూ బాగా ఛార్జింగ్ అయి, మాట్లాడే ఓపిక ఉన్నవారి చేతుల్లో ఉండాలి.